వీధిలో షరీఅత్, ఇంట్లో రివాజు

గత కొన్నేళ్ళుగా మన సభలలో రెండు విషయాలు తరచుగా చర్చకు వస్తున్నాయి. ఒకటి ఉమ్మడి పౌరస్మృతి, రెండవది వక్ఫ్ చట్ట సవరణ. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుండి ఉమ్మడి పౌరస్మృతి అమలులోకి వచ్చింది. అక్కడి ముస్లింల వారసత్వ వ్యవహారాలు ఇక షరీఅత్ ప్రకారం సాగవు. అదే ఏడాది ఏప్రిల్ 8 నుండి వక్ఫ్ సవరణ చట్టం అమలవుతున్నది. ఈ రెండింటినీ మనం వ్యతిరేకించాము. వినతిపత్రాలు ఇచ్చాము, సంతకాలు సేకరించాము, జుమా ప్రసంగాలలో ఆవేదన వెలిబుచ్చాము. ఆ వ్యతిరేకత న్యాయమైనదే. అందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

అయితే సభ ముగిసి ఇంటికి వెళుతున్న పెద్దమనిషిని ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. అయ్యా, మీ అబ్బాజాన్ మరణించినప్పుడు మీ అక్కచెల్లెళ్ళకు ఎంత ఇచ్చారు? మీ అమ్మీజాన్‌కు రావలసిన ఎనిమిదవ వంతు ఆమె పేరున ఎక్కడ నమోదయింది?

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. వారసత్వ దరఖాస్తులు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్ళాయి. తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, కొడుకుల పేరున పట్టా మార్చమని ఒక అర్జీ. కూతుళ్ళ పేర్లు ఉన్నచోట పక్కనే ఒక వాక్యం: వివాహమై అత్తవారింట ఉన్నది, ఆమెకు అభ్యంతరం లేదు. దాని కింద ఒక వేలిముద్ర. హిందూ కుటుంబం అర్జీలోనూ అదే వాక్యం, ముస్లిం కుటుంబం అర్జీలోనూ అదే వాక్యం. పేర్లు మాత్రమే వేరు. మనకు ప్రత్యేకమైన వారసత్వ చట్టం ఉన్నదని ఆ ఫైళ్ళు చూసి ఎవరైనా కనిపెట్టగలరా?

నేను చెప్పదలచినది ఒక్కటే. వీధిలో షరీఅత్ కోసం నిలబడి, ఇంట్లో రివాజును నడిపించేవారి మాటకు బలం ఉండదు. మన పర్సనల్ లాను కాపాడుకోవలసిన మొదటి చోటు తహసీల్దారు కార్యాలయానికి మనం ఇచ్చే వారసుల జాబితా.

చట్టం మన పక్షానే ఉన్నది

మన ఊళ్ళలో చాలామంది పెద్దలు నమ్మకంగా ఒక మాట చెబుతుంటారు: ఇంటిలో ఆడపిల్లకు వాటా ఉన్నదేమోగాని పొలంలో లేదు. ఇది పొరపాటు. దీని చరిత్ర తెలుసుకుంటే ఈ మాట మరెప్పుడూ నోట రాదు.

1937లో షరీఅత్ అమలు చట్టం వచ్చింది. ఎందుకు వచ్చింది? ఆనాడు దేశంలో అనేక ప్రాంతాల ముస్లింలు వారసత్వం విషయంలో స్థానిక ఆచారాన్నే పాటించేవారు. ఆ ఆచారంలో కూతురికి, భార్యకు ఏమీ దక్కేది కాదు. ఆచారాన్ని పక్కనబెట్టి షరీఅత్‌ను అమలు చేయాలని ఉలమాలు కోరారు. ముస్లిం మహిళా సంఘాలు కోరాయి. బిల్లుతో పాటు ఇచ్చిన ఆశయ ప్రకటనలోనే, ఆచారం కింద ముస్లిం స్త్రీల పరిస్థితి సిగ్గుచేటుగా ఉన్నదన్న భావం స్పష్టంగా కనబడుతుంది. అంటే, ఈ రోజు మనం కాపాడుకోవాలని నినదిస్తున్న చట్టం పుట్టిందే ఆడపిల్లల వాటా కోసం. ఆ వాటాను ఎగవేస్తూ ఆ చట్టాన్ని కాపాడతామనడం ఎంత విచిత్రం!

అయితే 1937 చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించారు. ఆ మినహాయింపును మన ప్రాంతంలో 1949లోనే తొలగించారు. అప్పుడు కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్ర శాసనసభ 1949 నాటి 18వ చట్టం ద్వారా వ్యవసాయ భూమిని కూడా షరీఅత్ పరిధిలోకి తెచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఆ సవరణ కొనసాగింది. కనుక బందరు, గుడివాడ, దివిసీమ పొలాలలో ముస్లిం ఆడపిల్ల హక్కు ఏడు దశాబ్దాలకు పైగా చట్టబద్ధంగా ఉన్నది.

మన పొరుగువారిని చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి హిందూ ఆడపడుచులకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా వచ్చింది. ఇప్పుడు వారి కూతుళ్ళు రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చి భాగపంపకాలలో సంతకాలు చేస్తున్నారు. మన ఆడపిల్లలకు సూరా నిసా ద్వారా పద్నాలుగు శతాబ్దాల క్రితమే హక్కు వచ్చింది. అయినా ఈనాటికీ వేలిముద్ర దగ్గరే ఆగిపోయారు.

లెక్క ఇది

సూరా నిసాలోని 11, 12, 176 ఆయతులు వాటాలను నిర్ణయిస్తున్నాయి. వాటికి ముందున్న 7వ ఆయతు, ఆస్తి కొద్దిదైనా పెద్దదైనా స్త్రీలకు అందులో నిర్ణీత భాగం ఉన్నదని తేల్చి చెబుతున్నది. ‘మాకు ఉన్నదెంత, పంచేదెంత’ అనేవారికి అక్కడే జవాబు దొరుకుతుంది.

పంపకానికి ముందు మూడు ఖర్చులు తీరాలి. మొదటిది కఫన్, దఫన్. రెండవది అప్పులు. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. నిఖా రోజున అందరి ఎదుట ఒప్పుకొని, చివరి రోజు వరకు ఇవ్వని మహర్‌ను జనాజా ముందు మాఫీ చేయించుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ అయింది. భర్త శవం ముందు ఏడుస్తున్న స్త్రీ చేత పలికించిన మాఫీని స్వచ్ఛంద సమ్మతి అని ఏ మనస్సాక్షి ఒప్పుకుంటుంది? మూడవది వసీయత్. అది మిగిలిన ఆస్తిలో మూడవ వంతుకు మించరాదు. ఆ తరువాతనే వాటాలు.

ఒక ఉదాహరణ. ఒక రైతు మరణించాడు. అతని తల్లిదండ్రులు ముందే గతించారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. అప్పులు తీరగా రెండెకరాల పొలం మిగిలింది. అంటే 200 సెంట్లు. భార్యకు ఎనిమిదవ వంతు, 25 సెంట్లు. మిగిలిన 175 సెంట్లలో కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. అంటే ఏడు భాగాలు. ఒక్కో కొడుకుకు 50 సెంట్లు, ఒక్కో కూతురికి 25 సెంట్లు. అయిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. మన దగ్గర లోపించినది లెక్క తెలియకపోవడం కాదు, ఇవ్వాలన్న మనసు.

మరణించినవారికి సంతానం లేకపోతే భార్య వాటా నాలుగవ వంతు. భార్య మరణిస్తే భర్తకు సంతానం ఉన్నప్పుడు నాలుగవ వంతు, లేనప్పుడు సగం. బిడ్డ మరణించి అతనికి సంతానం ఉంటే, బ్రతికి ఉన్న తల్లికి ఆరవ వంతు, తండ్రికి ఆరవ వంతు. ముసలి తల్లి బ్రతికి ఉండగా కొడుకు పోతే ఆమె పేరు వారసుల జాబితాలో ఉండాలన్న సంగతి ఎందరికి గుర్తుంటున్నది?

ఇక్కడ మనలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెబుతున్నాను. షియా సోదరుల ఫిఖ్హ్‌లో కొన్ని తేడాలున్నాయి. వారు తమ ఆలిములను సంప్రదించాలి.

నాలుగు సాకులు

ఆడపిల్ల వాటా మాట ఎత్తగానే నాలుగు సాకులు వినవస్తాయి.

మొదటిది: ‘పెళ్ళికి కట్నం, జహేజ్ ఇచ్చాము కదా!’ కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి నేరం. ఇస్లాంలో దానికి తావే లేదు. నేరంగా ఇచ్చిన దానిని చూపి ఫర్జ్‌గా ఇవ్వవలసినదాన్ని ఎగగొట్టడం ఏ న్యాయం? సరే, ఖర్చులు లెక్కబెడదామంటారా? కొడుకు చదువుకు అయిన ఖర్చు, గల్ఫ్ వీసాకు కట్టిన సొమ్ము, అతని వలీమాకు పెట్టిన ఖర్చు కూడా అదే కాగితం మీద రాయండి. కొడుకు వాటాలో వాటిని ఎవరైనా తగ్గించారా?

రెండవది: ‘ఆమే వద్దన్నది.’ అడగక ముందే వద్దనాలని ఆమెకు చిన్ననాటి నుండి నేర్పారు. వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందని, పండుగకు పిలిచేవారుండరని, కష్టం వస్తే అన్నదమ్ములు రారని ఆమెకు భయం. ఆ భయంతో పలికిన మాట సమ్మతి కాజాలదు. పద్ధతి ఒక్కటే. ముందు ఆమె వాటాను ఆమె పేరున నమోదు చేయించండి, ఆమె స్వాధీనంలో పెట్టండి. ఆ తరువాత ఆమె ఇష్టపూర్వకంగా సోదరునికి ఇస్తే అది ఆమె ఔదార్యం.

తండ్రి బ్రతికుండగానే కూతురి చేత హక్కు వదులుకున్నట్లు రాయించుకోవడం మరొక పద్ధతి. తండ్రి జీవించి ఉన్నంతకాలం కూతురికైనా కొడుక్కైనా ఆ ఆస్తిలో హక్కే పుట్టదు. పుట్టని హక్కును వదులుకునే కాగితానికి తనంతట తాను విలువ లేదు. అయితే అందుకు ప్రతిఫలంగా సొమ్మో, స్థలమో పుచ్చుకొని ఉంటే తరువాత వాటా అడగడానికి అదే అడ్డంకి కావచ్చునని సుప్రీంకోర్టు 1973లో గులాం అబ్బాస్ కేసులో చెప్పింది. కనుక అక్కచెల్లెళ్ళారా, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి. సోదరుడు పొలం దున్నుకుంటున్నంత మాత్రాన మీ హక్కు పోదన్నది కూడా గుర్తుంచుకోండి. సహవారసులలో ఒకరి స్వాధీనం, మిగిలినవారిని బాహాటంగా కాదని వెళ్ళగొట్టనంత వరకు, అందరి స్వాధీనంగానే చట్టం చూస్తుంది.

మూడవది: ‘పొలం ముక్కలైపోతుంది.’ ముగ్గురు కొడుకులున్న ఇంట్లో మూడు ముక్కలు చేసినప్పుడు ఈ బెంగ ఎందుకు కలగలేదు? ఈనాడు మన తీరప్రాంతంలో ఎన్నో పొలాలు రొయ్యల చెరువులుగా మారి లీజుకు నడుస్తున్నాయి. చెరువు గట్టును విడగొట్టనవసరం లేదు. లీజు సొమ్మును వాటాల ప్రకారం పంచితే చాలు. ఇంటి అద్దె కూడా అంతే. పడవ ఉన్నవారు దాని రాబడి పంచవచ్చు, లేదా విలువ కట్టి సొమ్ము ఇవ్వవచ్చు.

నాలుగవది: ‘ఇది డి-పట్టా భూమి, దీనికి వాటాలేమిటి?’ ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకం, దానం మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. కానీ ఆ భూమి వారసులకు సంక్రమిస్తుంది. వారసులంటే కొడుకులు మాత్రమేనని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు.

ఉహద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (ర) షహీదయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా తీసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతులు అవతరించిన తరువాత దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదవ వంతు ఇప్పించి, మిగిలినది మాత్రమే అతడిని తీసుకోమన్నారు. షరీఅత్ కోసం పోరాడుతున్నామనుకునే మనం ఈ ఉదంతంలో ఎవరి స్థానంలో నిలబడి ఉన్నామో ఆలోచించుకోవాలి.

బ్రతికి ఉండగా జరిగే అన్యాయం

మరణానంతరం కూతురికి జరిగే అన్యాయం ఒకటైతే, బ్రతికి ఉండగా తల్లిదండ్రులు తమకు తామే చేసుకునే అన్యాయం మరొకటి. ‘కూతుళ్ళు రేపు వాటా అడుగుతారేమో’నని తండ్రి ఇంటినీ పొలాన్నీ కొడుకు పేరున హిబా రాసేస్తాడు. సంతకం ఆరక ముందే కోడలి గొంతు మారుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ ముసలి దంపతులు ఒకరు పెద్ద కొడుకు వసారాలో, మరొకరు చిన్న కొడుకు వంటింటి మూలలో. ఇటువంటి జంటలు మన మొహల్లాలలో ఎన్ని ఉన్నాయో మస్జిద్ కమిటీల పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

సంతానంలో ఒక్కరికే కానుక ఇచ్చి సాక్ష్యం చెప్పమని నోమాన్ బిన్ బషీర్ (ర) తండ్రి అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిరాకరించారు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ప్రశ్నించారు. ఈ హదీసు తెలిసి కూడా ఆడపిల్లలను తప్పించడానికి హిబాను సాధనంగా వాడుకునేవారు అల్లాహ్‌కు ఏమని సమాధానం చెబుతారు?

హిబా గురించి నాలుగు సంగతులు ప్రతి కుటుంబానికీ తెలియాలి. ఇచ్చేవారి ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, ఆస్తి స్వాధీనం చేయడం, ఈ మూడూ ఉంటేనే హిబా పూర్తవుతుంది. నోటిమాటగా చేసినా చెల్లుతుంది. రాతపూర్వకమైన హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011 మేలో హఫీజా బీబీ కేసులో తీర్పు చెప్పింది. అయినా రిజిస్టరు చేయించుకోండి. ఎందుకంటే, మన రాష్ట్రం నుండి వెళ్ళిన ఆ కేసులో దస్తావేజు రాసినది 1968లో, ఆఖరి తీర్పు వచ్చినది 2011లో. నలభై మూడేళ్ళు! స్టాంపు సుంకం మిగిలిందని సంతోషించడానికి అందులో ఏమున్నది?

నాలుగవది అతి ముఖ్యం. తండ్రి కొడుకుకు హిబా చేసి స్వాధీనం కూడా ఇచ్చేస్తే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దానిని వెనక్కి తీసుకోలేడు. దగ్గరి రక్తసంబంధీకులకు ఇచ్చిన హిబా రద్దు కాదు. కనుక ఉన్నదంతా ఇచ్చేసి, వీధిన పడిన తరువాత ఏడ్చి లాభం లేదు.

తల్లిదండ్రుల చట్టం చెప్పేది

ఇలా వీధిన పడినవారి కోసం 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని చేసింది. అది మతాలతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు, వారి వయస్సు ఎంతైనా, సంతానం నుండి పోషణ కోరవచ్చు. కొడుకే కాదు, కూతురు, యుక్తవయస్కులైన మనుమలు కూడా బాధ్యులే. సంతానం లేని అరవై ఏళ్ళు పైబడినవారు తమ ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు నుండి కోరవచ్చు.

ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. దివిసీమవారికి బందరు ఆర్.డి.ఓ. కార్యాలయమే దిక్కు. తెల్లకాగితం మీద అర్జీ చాలు. వకీలు అవసరం లేదు. తాము వెళ్ళలేనివారి తరపున స్వచ్ఛంద సంస్థ కూడా అర్జీ పెట్టవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో, తప్పనిసరైతే మరో 30 రోజులలో తేల్చాలని చట్టం చెబుతున్నది. నెలకు గరిష్ఠంగా పది వేల రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు. తీర్పు నచ్చకపోతే తల్లిదండ్రులు అరవై రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. సంరక్షణలో ఉన్న వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడో విడిచిపెడితే మూడు నెలల జైలు, అయిదు వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ చట్టంలోని 23వ సెక్షన్ మరీ ముఖ్యం. కనీస అవసరాలు తీర్చి చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసి ఇచ్చినప్పుడు, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న వచ్చిన మరొక తీర్పులో, కొడుకు వేరే కాగితం మీద రాసిచ్చిన హామీని పరిగణించి, వృద్ధురాలైన తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేయడం సబబేనన్నది. ఈ రెండు తీర్పుల నుండి మనం గ్రహించవలసినది ఇంతే: షరతు నోటిమాటగా ఉండరాదు. దస్తావేజులోనే, స్పష్టమైన తెలుగులో, భోజనం, వసతి, వైద్యం పేరుపేరునా రాయించాలి.

‘కన్నబిడ్డ మీద కోర్టుకెక్కడమా? పరువు పోదా?’ అంటారు. తల్లిదండ్రుల ఎదుట ఉఫ్ అని కూడా అనరాదని బోధించే ధర్మంలో పుట్టి, తల్లిని మస్జిద్ మెట్ల మీద కూర్చోబెట్టిన రోజునే ఆ పరువు పోయింది. అర్జీ పెట్టినందువల్ల కొత్తగా పోయేదేమీ లేదు. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది. ఆ నంబరును ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

ఉప్పెన నేర్పిన పాఠం

నేను ఈ మాటలు రాస్తున్నది పాలకాయతిప్ప నుండి. కృష్ణానది హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే చోటు ఇది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ తీరమంతా తుడిచిపెట్టుకుపోయింది. దాదాపు పది వేల ప్రాణాలు పోయాయి. తాత, తండ్రి, మనుమడు ఒకే రాత్రి పోయిన ఇళ్ళున్నాయి. పట్టాలు, రశీదులు, నిఖానామాలు ఇనపపెట్టెలతో సహా కొట్టుకుపోయాయి. చావుకు ముందు సర్దుకుందామనుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు. మత్స్యకారుల ఇళ్ళలోనూ అంతే, మన ఇళ్ళలోనూ అంతే.

ఇటువంటి సందర్భంలో ఫిఖ్హ్ ఏమంటున్నది? కలిసి మునిగిపోయినవారిలో ఎవరు ముందు పోయారో తెలియకపోతే వారు ఒకరికొకరు వారసులు కారు. ఒక్కొక్కరి ఆస్తి వారి వారి బ్రతికి ఉన్న వారసులకు చెందుతుంది. దీని ఫలితం చూడండి. తాత, ఆయన ఇద్దరు కొడుకులలో ఒకడు కలిసి పోయారనుకోండి. పోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. బ్రతికి ఉన్న బాబాయి వారిని అడ్డుకుంటాడు. ఉప్పెనే రానక్కరలేదు. రోడ్డు ప్రమాదంలోనో, జబ్బుతోనో కొడుకు తండ్రి కంటే ముందు పోయిన ప్రతి ఇంట్లోనూ ఇదే పరిస్థితి.

ఈ యతీముల కోసమే వసీయత్ ఉన్నది. వారసులకు వసీయత్ చేస్తే మిగిలిన వారసులు, అదీ మరణం తరువాత, సమ్మతిస్తేనే చెల్లుతుంది. కానీ బాబాయి ఉన్నచోట యతీమ్ మనుమడు వారసుడు కాడు. కనుక తాత తన ఆస్తిలో మూడవ వంతు దాకా అతనికి వసీయత్ చేయవచ్చు. ఒకే కూతురున్న సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) తన సంపదలో ఎక్కువ భాగం దానం చేస్తానన్నప్పుడు దైవప్రవక్త (స) మూడవ వంతు వద్ద ఆపారు, అదీ ఎక్కువేనన్నారు. ఆ హద్దులోనే యతీములకు నీడ దొరుకుతుంది. ఈజిప్టు 1946లో ఇటువంటి మనుమల కోసం తప్పనిసరి వసీయత్ చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో మరో దారిలో వారికి వాటా కల్పించింది. మన దేశంలో అటువంటి నిబంధన లేదు. తాత కలం కదిలితేనే మనుమడికి అన్నం. మన ముసలివారిలో ఎందరు ఆ కలం కదిలించారు?

ముస్లిం వసీయత్‌కు ప్రత్యేకమైన ఫారమంటూ లేదు. నోటిమాట కూడా చెల్లుతుంది. కానీ సాక్షులు పోతే మాటా పోతుంది. ఇద్దరు సాక్షులతో రాసి, రిజిస్టరు చేయించి, ఒక ప్రతిని నమ్మకమైనవారి వద్ద ఉంచడమే క్షేమం. బ్యాంకు నామినీ కూడా వసీయత్‌కు బదులు కాదు. నామినీ సొమ్మును అందుకునేవాడే తప్ప యజమాని కాడు. ఆ సొమ్మును కూడా వారసులందరికీ పంచవలసిందే.

ఇప్పుడే చేయవలసినవి

ప్రతి ఇంటి పెద్ద ఒక నోటుపుస్తకం కొనాలి. అందులో ఆస్తుల సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఇవ్వవలసిన అప్పులు, రావలసిన బాకీలు, చెల్లించని మహర్ రాయాలి. మహర్‌ను వీలైతే ఈ నెలలోనే చెల్లించి రశీదు తీసుకోవాలి. యతీమ్ మనుమలుంటే వారి కోసం వసీయత్ రాయాలి. తాముండే ఇంటిని బ్రతికి ఉండగా ఎవరికీ బేషరతుగా రాసి ఇవ్వరాదు.

ఇంట్లో మరణం సంభవిస్తే చాలీస్‌వాఁ విందుకు ముందు వారసుల జాబితా తయారు కావాలి. భార్య, తల్లి, కూతుళ్ళు అందరి పేర్లతో తొంభై రోజులలోగా తహసీల్దారుకు తెలియజేయాలి. తమ పేరు విడిచి పట్టా మారిస్తే ఆడపడుచులు ఆర్.డి.ఓ.కు అప్పీలు చేసుకోవచ్చు. బందరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, వారి ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఇది 1987 చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయాకాదు.

మస్జిద్ కమిటీలు నిఖా రిజిస్టరు ఉంచుతున్నట్లే విరాసత్ రిజిస్టరు కూడా ఉంచాలి. జనాజా నమాజ్ చేయించిన ఇమాం సాహెబ్, నెల తిరగక ముందే ఒక ఆలిమ్‌ను, లెక్క తెలిసిన ఒకరిని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళి వాటాల కాగితం రాసి ఇవ్వాలి. పుచ్చుకోనివారి పేర్లు కాదు, ఇవ్వనివారి పేర్లు ఆ రిజిస్టరులో ఉండాలి. అక్కచెల్లెళ్ళ వాటా మింగినవారు కమిటీ సదర్‌గా కూర్చోవడానికి మనం ఎందుకు ఒప్పుకోవాలి?

చివరిగా ఒక మాట. వక్ఫ్ సవరణ చట్టంలో ఒక క్లాజు పెట్టారు. సంతానం కోసం చేసే వక్ఫ్ వల్ల స్త్రీలతో సహా వారసుల హక్కు పోరాదన్నది దాని సారం. ఆ చట్టంలోని అన్యాయాలను మనం వ్యతిరేకిస్తున్నాము, వ్యతిరేకిస్తూనే ఉంటాము. కానీ మన ఆడపిల్లల హక్కు గురించి మనకే పాఠం చెప్పే సాహసం ఢిల్లీకి ఎలా వచ్చింది? తలుపు మనమే తెరిచి పెట్టాము. ఉమ్మడి పౌరస్మృతి సమర్థకులు ప్రతి చర్చలోనూ ముందుపెట్టేది ముస్లిం స్త్రీ పేరునే. మన స్త్రీలు లేచి, మాకు మా షరీఅత్ ఇచ్చిన వాటా అందింది, మీ దయ మాకక్కరలేదు అని చెప్పగలిగిన రోజున వారి నోట మాట ఉండదు. ఆ సాక్ష్యం చెప్పగల స్థితిలో మన అక్కచెల్లెళ్ళను మనం ఉంచామా?

ఈసారి వినతిపత్రం మన ముందుకు వచ్చినప్పుడు, దాని మీద సంతకం చేసే ప్రతి చెయ్యీ ముందుగా చెల్లెలి వాటా కాగితం మీద సంతకం చేసి రావాలి.